నడింట్లో మంచం

మంగళవారం పొద్దున తొమ్మిదికల్లా నాగులును మార్కాపురంలో దించేయాలని కొడుకు నాగేంద్ర ఒకటే తొందరపెట్టాడు. ఆటోలో పరుపు పరిచి, దాని మీద తండ్రిని పడుకోబెట్టే లోపల ఆ ముసలాయన పెట్టిన కేకలు వీధి చివరిదాకా వినపడ్డాయి. వెన్నులోకి పాకిన క్యాన్సరు. ముట్టుకుంటే అరుస్తాడు, ముట్టుకోకపోతే మూలుగుతాడు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. భార్య మల్లేశ్వరమ్మకు అసలే లేదు. అందుకే "మార్కాపురంలో నొప్పులకు మందిచ్చే ఆసుపత్రి ఉందంటమ్మా, అయిదు దినాలు పెట్టుకుంటారంట, నువ్వూ కాస్త నడుము వాల్చొచ్చు" అని కొడుకు చెప్పినప్పుడు ఆమెకు కళ్ళు చెమర్చాయి. నా కొడుకు నా గురించి ఎంత ఆలోచన చేసినాడు అనుకుంది. పిచ్చితల్లి.

పలకల ఫ్యాక్టరీలు దాటినాక రోడ్డుకు ఎడంపక్క ఉంది ఆ ఆసుపత్రి. ఎనిమిదే మంచాలు. బోర్డు మీద ఏదో పెద్ద పేరు రాసుంది గానీ, ఆటోవాళ్ళందరూ దాన్ని ఆఖరాసుపత్రి అంటారు. అక్కడ అంతా తానై చూసుకునేది రత్నమ్మ సిస్టరు. లావుపాటి మనిషి, గొంతు మాత్రం సన్నం. నాగులును మంచం మీదికి మార్చేటప్పుడు కొడుకును చంకల కింద చేతులు పెట్టనివ్వలేదు. దుప్పటి నాలుగు మడతలేసి ఆయన కిందికి జరిపి, ఆ దుప్పటితోనే ఎత్తింది. ఆయన మూలిగాడు గానీ అరవలేదు.

"ఇక్కడ జబ్బు నయం చేయం పెద్దమ్మా, ముందే చెప్తున్నా" అంది సిస్టరు. "నొప్పి తగ్గిస్తాం. పుండ్లు కడుగుతాం. గ్లూకోజులు, గొట్టాలు ఏమీ పెట్టం. ఇంటికాడ చూసుకునేవాళ్ళు కూడా మనుషులే గదా, వాళ్ళకు కాస్త ఊపిరి తిరగాలని ఈ అయిదు రోజులు. శనివారం పొద్దున పదికి మంచం ఇంకొకరికి ఇవ్వాల. ఆలోపల ఇంట్లో ఎట్ల చూసుకోవాలో అన్నీ నేర్పించి పంపిస్తా."

మల్లేశ్వరమ్మ తల ఊపింది. నాగేంద్ర ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"ఈ అయిదు దినాల్లో ఏమన్నా అయితే, ఇంటికి తీసకపొమ్మని పంపించరు గదా?"

"మీరు తీసుకుపోతామంటే తప్ప మేం పంపించం. ఇక్కడే నెమ్మదిగా పోతాడు."

అతని మొహంలో బిగువు సడలింది. "శనివారం మూడుంబావు దాటినాక వస్తా" అన్నాడు.

"పదికి డిశ్చార్జి అన్నా గదా."

"పదికి కుదరదు సిస్టర్. మూడుంబావు దాటాల."

సరే, అప్పటిదాకా వరండాలో మంచమేసి చూసుకుంటాలే అంది సిస్టరు. మూడుంబావు ఏదో బస్సు టైమనుకుంది మల్లేశ్వరమ్మ. కొడుకు ఆటో మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి చూసింది.

మొదటి రోజు మందు నాలుగు గంటలకొకసారి పట్టించారు. చేదు మందు. మొదటిసారికి మూలుగు తగ్గింది. రెండోసారికి ఆగిపోయింది. అది ఆగిపోయేసరికి మల్లేశ్వరమ్మ హడలిపోయి ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. నాలుగు నెలలుగా ఆ మూలుగు చెవుల్లో పడి పడి, లేకపోతే ఏదో పోగొట్టుకున్నట్టుంది ఆమెకు. గోడవార బల్ల మీద ఒక్క నిమిషం అని ఒరిగింది. సిస్టరు తట్టి లేపేసరికి బుధవారం పొద్దెక్కింది.

"నిద్ర పోతివే" అన్నాడు నాగులు. మామూలు గొంతుతో అన్నాడు. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో. ఆమె మొహం తిప్పుకుని కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ రోజంతా సిస్టరు ఆమె చేత పని చేయించింది. మనిషిని పక్కకు ఎట్లా తిప్పాలో, మోకాళ్ళ మధ్య దిండు ఎట్లా పెట్టాలో, పుల్లకు దూది చుట్టి నీళ్ళలో ముంచి నోరెట్లా తుడవాలో చూపించింది. మల్లేశ్వరమ్మ చేతులు గొర్రెపిల్లల్ని పుట్టించిన చేతులు. ఒకసారి చూపిస్తే చాలు.

"నీకు నేర్పించే పనే లేదు పెద్దమ్మా" అంది సిస్టరు.

"గొర్రెలు నయం బిడ్డా, మాట చెప్పవు" అంది ఆమె. నాగులు నవ్వాడు. నిజంగా నవ్వాడు. సాయంత్రం రాగిజావ సగం గ్లాసు తాగాడు. ఇట్లా ఉంటుందని తెలిసుంటే నాలుగు నెలల ముందే తెచ్చేవాళ్ళం గదా అనుకుంది ఆమె.

గురువారం పొద్దున ఆయన కిటికీ వైపు చూస్తూ పడుకున్నాడు. ఎడంచేతి వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుతున్నాడు. ఏళ్ళ తరబడి మందతో చేలల్లో పడుకున్న మనిషి. ఏ రోజు ఏ నక్షత్రమో పంచాంగం చూడకుండా చెప్తాడు.

"నన్ను తెచ్చింది మంగళవారం గదా?"

"ఔ."

"మంగళవారం ధనిష్ఠ." ఇంకో కణుపు మీదికి జరిపాడు. ఇంకోటి. ఇంకోటి. "శనివారం రేవతి. మజ్జానం మూడు ప్రాంతానికి పోతాది." చెయ్యి మంచం మీద పెట్టేశాడు. "వాడు నన్ను నొప్పికి పంపలేదే. నచ్చత్రాలకు పంపినాడు."

మల్లేశ్వరమ్మ చేతిలో దూదిపుల్ల ఆగిపోయింది. ఆ అయిదు నక్షత్రాల సంగతి వాళ్ళ వైపు తెలియని ఇల్లు లేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరన్నా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టాలి. తాళం వేసి అందరూ బయటికి పోవాలి, దీపం కూడా వెలిగించకూడదు. అందుకే ముసలివాళ్ళు ఆఖరి దశలో ఉంటే పంచాంగం చూసే అయ్యవారిని అడుగుతారు, రోజులు మంచివి కాకపోతే మంచాన్ని బయటికి మోస్తారు. కొడుకు మూడుంబావు అన్నది బస్సు టైము కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. పుల్ల పక్కన పెట్టి, ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"మా అమ్మను దొడ్లో పండబెట్టినాం మనం" అన్నాడు నాగులు. "నేను మోసినా, నువ్వు ఎండుగడ్డి పరిచినావు."

"అది ఇప్పుడెందుకయ్యా."

"రెండు దినాలు అడిగింది. నాయనా, ఇంట్లోకి తీసకపో నాయనా అని. నేను గొర్రెలు లెక్కేసుకుంటా ఇననట్టు ఉన్న్యా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "తప్పని కాదు. అందురూ చేసేదే, వాడూ చేస్తాండాడు. నాకు మాత్రం అట్ల వద్దే. నన్ను నడింట్లో పండబెట్టు. మందంతా అమ్మి కట్టినా ఆ ఇల్లు. నా గొర్రెలన్నీ ఆ గోడల్లోనే ఉండాయి."

"పండబెడతా" అంది ఆమె.

"మాట?"

"మాట."

ఆ మధ్యాహ్నమే నాగేంద్ర, కోడలు ఉమ వచ్చారు, అరటిపండ్లు తీసుకుని. నాగులు నిద్రలో ఉన్నాడు. మల్లేశ్వరమ్మ కొడుకును వరండాలోకి పిలిచి మొహం మీదే అడిగేసింది. అతను బుకాయించలేదు. అంతవరకు మెచ్చుకోవాలి.

"ఏం చేయమంటావమ్మా? అయ్యవారు చూసి చెప్పినాడు. ఇంట్లో పోతే ఆరు నెలలు పాడుపెట్టాల. పీనుగను గుమ్మంలో నుంచి కూడా తీసకపోగూడదు, గోడ పగలగొట్టి తియ్యాలంట. ఇద్దరు బిడ్డలు. ముందు రూములో దాణా దుకాణం. ఆరు నెలలు తాళమేసి యాడికి పోవాల నేను?"

"మీ నాయన కట్టిన ఇల్లురా అది."

"కాదన్నానా? శనివారం మూడుంబావు దాటనీ, నేనే వచ్చి ఎత్తుకపోతా. అంతవరకు ఓపిక పట్టమను."

"ఎవరికి చెప్పాల్రా? మీ నాయనకా, సావుకా?"

నాగేంద్ర తల దించుకుని చెప్పు అంచుతో నేల గీకాడు. ఉమ అత్త పక్కకు వచ్చి నిలబడింది. "మామ ఇక్కడ సుఖంగానే ఉండాడు గదా అత్తా. ఇంటికాడైతే అరుస్తాండె. బిడ్డలు జడుసుకుంటాండ్రి" అంది. అది అబద్ధం కాదు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే మల్లేశ్వరమ్మకు ఎక్కువ మండింది. వాళ్ళు పోయేటప్పుడు ఉమ రెండు అరటిపండ్లు తీసి సిస్టరు బల్ల మీద పెట్టి పోయింది.

శుక్రవారం నాగులు జావ వద్దన్నాడు. నీళ్ళు కూడా దూదితో అద్దిందే. మధ్యాహ్నం రత్నమ్మ సిస్టరు ఆయన పాదాలు పట్టి చూసి, మల్లేశ్వరమ్మను తన గదిలో కూర్చోబెట్టింది.

"దాచిపెడితే నీకే కష్టం, అందుకే చెప్తున్నా. ఇంక ఒకటి రెండు రోజులు, అంతకంటే తక్కువే కావచ్చు. కాళ్ళు చల్లబడినాయి, గోర్లు నీలం తిరుగుతాయి. ఊపిరి ఆగి ఆగి వస్తాది. ఆగింది రెండు నిమిషాలు రాకపోతే ఇంక రాదు. అప్పుడు కేకలు పెట్టొద్దు. చెవులు ఆఖరిదాకా వింటాయి, మాట్లాడతా ఉండు."

"పోయినాక?"

"కండ్లు మూసి కాసేపు వేళ్ళతో అట్లే పట్టుకో. గడ్డం కింద నుంచి బట్ట చుట్టి తల మీద ముడెయ్యి. ఆలస్యం చేస్తే నోరు తెరుచుకుని అట్లే బిగుసుకుంటాది. చూసేవాళ్ళకు బాగుండదు."

మల్లేశ్వరమ్మ శ్రద్ధగా విని, బిడ్డా ఇంకోసారి చెప్పు అంది. సిస్టరు ఇంకోసారి చెప్పింది.

శనివారం పొద్దున తొమ్మిదికి ఆమె మూట కట్టేసింది. ఇంటికి తీసుకుపోతున్నా అంది. సిస్టరు ఆమె మొహంలోకి చూసింది. "దారిలోనే పోవచ్చు పెద్దమ్మా."

"ఇంటి దారే గదా బిడ్డా."

"కొడుకు మూడుంబావు అన్నాడే. ఫోన్ చేసినావా?"

"చేసినా. రమ్మన్నాడు."

చేయలేదు. జీవితంలో అంత నదురూ బెదురూ లేకుండా అబద్ధమాడటం ఆమెకు అదే మొదలు. సిస్టరు మందు సీసా ఇచ్చి, గేటు దగ్గరుండే వెస్లీ ఆటో పిలిచింది. వెస్లీ ఈ ఆసుపత్రి మనుషుల్ని మోసి మోసి అలవాటైనవాడు, గుంతలు చూసి నడుపుతాడు. దుప్పటి నాలుగు మడతలేసి నాగులును ఆటోలోకి ఎక్కించారు. మల్లేశ్వరమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఊపిరి ఆగుతూ వస్తోంది. సిస్టరు చెప్పినట్టే ఆమె మాట్లాడుతూ ఉంది. అదో రైలు గేటు, అదో చెరువు ఎండింది, అదో ఎవరిదో మంద, పిల్లలు బాగుండాయయ్యా, నల్లటివి. దారిలో కొనకనమిట్ల దగ్గర పడుతుండగా నాగులు కళ్ళు తెరిచాడు.

"వచ్చినామా?"

"వచ్చినాం. కంది చేలు కనపడతాండాయి. ఇంకెంత, ఇట్ల మలుపు తిరిగితే."

"నడింట్లో" అన్నాడు.

"నడింట్లోనే."

తర్వాత ఒక ఊపిరి వచ్చింది. ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాతది రాలేదు. మల్లేశ్వరమ్మకు గడియారం చూడటం అంతంతమాత్రం. దొడ్డి తడికె తీసి గొర్రెల్ని ఒక్కొక్కటిగా లోపలికి వదిలేటప్పుడు లెక్కేసినట్టు లెక్కేసింది. నూరు దాటింది. నూట ఇరవై దాటింది. ఒక్క గొర్రె కూడా తక్కువ కాకుండా లెక్కేసి, ఆపింది.

కొంగు నోట్లో కుక్కుకుంది. రెండు వేళ్ళతో ఆయన కళ్ళు మూసి అట్లాగే పట్టుకుంది. ఆయన మెడలోని తువాలు తీసి, గడ్డం కింద నుంచి చెవుల మీదుగా చుట్టి, నడినెత్తిన ముడేసింది. చలికాలం మంద వెంట పోయేటప్పుడు ఆయన కట్టుకునేది కూడా ఇట్లాగే.

"అవ్వా, పెద్దాయన ఎట్లుండాడు? నీళ్ళకు ఆపాల్నా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగాడు వెస్లీ.

"నిద్రపోయినాడు నాయనా. గుంతల్లో మెల్లగా పోనీ."

దారిలో పోయిన మనిషిని ఊళ్ళోకే తేకూడదని, అట్లే కాటికి తీసుకుపోవాలని ఆమెకు తెలియక కాదు. మనవరాలు, మనవడు గుర్తొచ్చారు, గూట్లో పెట్టుకున్న వాళ్ళ బడి సంచులు గుర్తొచ్చాయి. ఆటో ఆపమందామా అని ఒకసారి నోరు కూడా తెరిచింది. ఒళ్ళో తల బరువుగా ఉంది. నోరు మూసుకుంది.

ఆటో ఇంటి ముందు ఆగేసరికి పన్నెండు దాటింది. నాగేంద్ర దుకాణంలో తవుడు తూస్తున్నవాడల్లా చేటెడు తవుడు కింద పోసుకుని బయటికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? నేను మూడుంబావు అన్నాను గదా."

"నెల దినాలకు భయం లేదంది సిస్టరు" అంది మల్లేశ్వరమ్మ. "రాత్రి జావ తాగినాడు. నిన్ను అడిగినాడు. ఇప్పుడే మందుకు కండ్లు మూసినాడు."

నాగేంద్ర ఆటోలోకి వంగి చూశాడు. నాలుగు నెలలుగా తండ్రి మొహం వంకర్లు పోకుండా అతను చూసింది లేదు. అట్లాగే చూస్తూ ఉండిపోయాడు.

"నొప్పి లేదామ్మా?"

"లేదు నాయనా. రవంత కూడా లేదు."

"దొడ్లో షెడ్డు కింద మంచమేసి పెట్టినా. మూడు గంటలు అక్కడ..."

"నెల ఉండే మనిషికి షెడ్డెందుకురా? ఎండకు నిద్ర చెడి మళ్ళా అరుపులు మొదలైతే నువ్వే పడాల. నడింట్లో పండబెట్టు."

అతను ఇంట్లోకి, దొడ్డివైపు చూసి, ఆఖరికి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఆమె దుప్పటి ఎట్లా పట్టుకోవాలో చూపించింది. ఒకవైపు వెస్లీ, ఒకవైపు కొడుకు. నాగులు ఎప్పుడైనా అరిచేది ఎత్తేటప్పుడే. అరవలేదు. "ఏం మందిచ్చినారో గానీ, దేవుళ్ళు వాళ్ళు" అన్నాడు నాగేంద్ర. టీవీ చూస్తున్న పిల్లల్ని "ఆపండి, తాత నిద్రపోతాండాడు" అని మందలించాడు. నడింట్లో మంచం మీద తండ్రిని దించి, ఫ్యాను వేసి, పాదాలు సర్దబోయి ఆగాడు.

"కాళ్ళు సల్లగుండాయే."

"ఆటోలో గాలి."

పోయి రగ్గు తెచ్చి, తండ్రి కాళ్ళ మీద తానే కప్పాడు. అంచులు కిందికి దోపాడు. "ఇంత నెమ్మదిగా ఉంటే ఎన్ని దినాలైనా చూసుకుంటాం గదమ్మా" అన్నాడు. నిజంగానే అన్నాడు.

వెస్లీ వెళ్ళిపోయాడు. మల్లేశ్వరమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఎదురుగా గోడ గడియారం. పెద్దముల్లు చిన్నముల్లు కలిపి చూసుకుంటే ఒంటిగంట దాటినట్టుంది. ఇంకో రెండు గంటలు. అంతే. నిద్రపోతున్నాడు, లేపొద్దు అని అందర్నీ బయట పెట్టి, ఆ రెండు గంటలు నోరు మూసుకుని కూర్చుంటే, ఆయనకిచ్చిన మాట తీరింది, కొడుకు ఇల్లూ నిలిచింది. రగ్గు కప్పిన ఆ చేతుల్ని చూశాక ఆమె మనసు మెత్తబడింది. కూర్చుంటాలే అనుకుంది. నా కడుపున పుట్టినోడే గదా అనుకుంది. కొంగు నిండుగా కప్పుకుని, గోడకు ఆనుకుంది.

దుకాణంలో నాగేంద్ర ఫోన్ మాట్లాడుతున్నాడు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపు. గొంతు తగ్గించాడు గానీ ఆ ఇంట్లో మాట ఆగదు.

"ఆ, తెచ్చేసింది... లేదులే, బాగానే ఉండాడు. ఈ రెండు గంటలు గడిస్తే సాలు అయ్యవారూ. మూడుంబావు దాటినాక సాయంత్రమే పోయినా నాకు సంతోషమే. అలిసిపోయినాం... నెలంట. అదే నా భయం."

ఆమె అతన్ని తిట్టుకోలేదు. ఆ మాట తానూ లోపల ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలుసు. అత్త దొడ్లో అడిగిన రెండు రోజులూ అదే అనుకుంది, త్వరగా పోతే బాగుండునని. ఇప్పుడు ఈయన పక్కన కూడా అట్లాగే గంటలు లెక్కపెడుతూ కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. మంచం కోడు పట్టుకుని లేచింది. గడియారం వైపు ఇంకోసారి చూసింది, చూసినా ఆగలేదు.

"నాగేంద్రా" అని పిలిచింది. "మీ నాయన పోయినాడు."

ఫోన్ చేతిలోనే పెట్టుకుని వచ్చాడు అతను. ఉమ వంటింట్లో నుంచి తడిచేతులతో వచ్చింది. రగ్గు తీసి నాగేంద్ర తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మోచెయ్యి సులువుగా వంగలేదు. నెత్తిన ముడి చూశాడు, గడ్డం కింద తువాలు చూశాడు. అమ్మ మొహంలోకి చూశాడు.

"ఎప్పుడు పోయినాడమ్మా?"

"ఇప్పుడే."

దారిలో పోయిన పీనుగను తన చేతులతో తానే ఊళ్ళోకి, ఇంట్లోకి, నడింట్లోకి మోసి, ఫ్యాను వేసి, రగ్గు కప్పానని ఎవరికి చెప్తాడు? చెప్తే మాత్రం ఇల్లు దక్కుతుందా? ఉమ గోడ గడియారం వైపు చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఒంటిగంటా ఇరవై అయింది.

నాలుగు గంటలకు ఊరి పెద్దమనుషులు, అయ్యవారు వచ్చారు. ఏ నక్షత్రంలో పోయినాడని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. వంటసామాను, బియ్యం, బడి సంచులు, తవుడు బస్తాలు ఒక్కొక్కటే బయటికి మోశారు. మనవరాలు టీవీ ఎవరు తెస్తారని అడిగింది. ఉమ పిల్లల్ని తీసుకుని గిద్దలూరులో పుట్టింటికి పోతానంది. మల్లేశ్వరమ్మకు దొడ్లో షెడ్డు కింద మంచం ఎటూ వేసే ఉంది.

పీనుగను తీయడానికి ఏ గోడ పగలగొట్టాలి అన్నప్పుడు అయ్యవారు నడింటి గోడే చూపించాడు, దొడ్డివైపుది. మొదటి పోటు కొడుకే వేయాలన్నాడు. నాగేంద్ర గడ్డపార పట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. ఏదన్నా అంటాడేమోనని ఆమె కూడా చూసింది. అతను గడ్డపార ఎత్తి పొడిచాడు. నీలం రంగు పెచ్చు ఊడింది, దాని వెనక సిమెంటు, దాని వెనక ఇటుక.

రెండో పోటుకు దుమ్ము లేచింది. మల్లేశ్వరమ్మ మంచం మీదికి వంగి, అది ఆయన మొహం మీద పడకుండా కొంగు అడ్డం పెట్టింది.